1080ఐ క్యామ్‌కార్డర్ వీడియో: 25 ఫ్రేములు చేయాలా, 50 చేయాలా?

పాతపెట్టె:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అబ్బాయి చిన్నప్పటి వీడియోలన్నీ రెండు క్యామ్‌కార్డర్లతో తీశాను. మొదటిది టేపు మీద రికార్డు చేసే హెచ్‌డీవీ, తరువాతిది మెమరీ కార్డు మీద రాసే ఏవీసీహెచ్‌డీ. అప్పట్లో కెమెరాను నేరుగా టీవీకి తగిలించి చూస్తే చక్కగా కనిపించేవి. ఇప్పుడు అవే ఫైళ్లను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కదిలే ప్రతిదాని అంచునా దువ్వెన పళ్లలాంటి గీతలు. వెనుక ఉన్న గోడ, చెట్టు శుభ్రంగానే ఉన్నాయి. వాడు ఊయల ఊగుతుంటే మాత్రం చేతులు చీపురుపుల్లల్లా చీలిపోతున్నాయి.

ఆ సాఫ్ట్‌వేర్‌లోనే (పేరు చెప్పను, దాని అభిమానులు ఇక్కడ చాలామంది ఉన్నారు) 1080పి, 25 ఫ్రేములు అని పెట్టి ఎక్స్‌పోర్ట్ చేశాను. గీతలు పోయాయి. వాటి బదులు వాడికి నాలుగు చేతులు వచ్చాయి. పైగా టీవీలో చూసినప్పటి ఆ నున్నటి కదలిక లేదు, ఊయల తడబడుతూ ఊగుతోంది. ఏ మీట నొక్కడం మరిచిపోయానో చెప్పగలరా?

తొందరకాకి:
చిన్న విషయం. 720పికి తగ్గించి ఎక్స్‌పోర్ట్ చేయండి, గీతలు కనిపించవు. ఫోనులో ఎవరూ తేడా పట్టలేరు. నేను నా పాత వీడియోలన్నీ ఇలాగే ముగించాను.

నిదానం:
పాతపెట్టె గారూ, దయచేసి పై సలహా పాటించకండి. తొందరకాకి గారు ఏమీ అనుకోవద్దు. గీతలున్న చిత్రాన్ని ముందుగా చిన్నది చేస్తే సరి గీతలు, బేసి గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అలల్లాంటి మందపాటి పట్టీలు మిగులుతాయి. ఆ తరువాత ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. పరిమాణం మార్చడం ఎప్పుడైనా డీఇంటర్‌లేస్ (ఒకే ఫ్రేములో అల్లిన సరి, బేసి గీతలను విడదీయడం) అయ్యాకే.

ముందు రెండు ప్రశ్నలు. ఒక టేపు క్లిప్‌ను, ఒక కార్డు క్లిప్‌ను మీడియాఇన్ఫోలో (ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి స్కాన్ టైప్, స్కాన్ ఆర్డర్, ఫ్రేమ్ రేట్, వెడల్పు ఏమని ఉన్నాయో రాయండి. రెండోది, ఎడిటర్‌లో ఆ ప్రాజెక్టు టైమ్‌లైన్ ఎన్ని ఫ్రేములకు పెట్టారు?

పాతపెట్టె:
చూశాను. టేపు క్లిప్: ఎంపెగ్-2, 1440×1080, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్, టాప్ ఫీల్డ్ ఫస్ట్.
కార్డు క్లిప్: 1920×1080, 25 ఫ్రేములు, స్కాన్ టైప్ దగ్గర ఎంబాఫ్ అని ఉంది, టాప్ ఫీల్డ్ ఫస్ట్.
టైమ్‌లైన్ 25. ఫైలు 25 అంటోంది కనుక అదే పెట్టాను. తప్పా?

నిదానం:
ఎంబాఫ్ అన్నా ఇంటర్‌లేస్‌ను రాసే ఒక పద్ధతే. ఫైలు చెప్పేది అబద్ధం కాదు, సగం నిజం. మీ కష్టమంతా ఆ దాచిన సగం దగ్గరే.

1080ఐ (ఐ అంటే ఇంటర్‌లేస్డ్) కెమెరా సెకనుకు 25 పూర్తి బొమ్మలు తీయదు, 50 సగం బొమ్మలు తీస్తుంది. ఆ సగం బొమ్మ పేరు ఫీల్డు. ఒక ఫీల్డులో 1, 3, 5... వరస గీతలు, మరుసటి ఫీల్డులో 2, 4, 6... వరస గీతలు, ఒక్కోదానిలో 540. నిల్వ చేసేటప్పుడు ఈ రెంటినీ ఒకే 1080 గీతల ఫ్రేములో అల్లిపెడతారు. గోడ కదలదు కనుక అల్లిక అతుకు తెలియదు. ఊయల సెకనులో యాభయ్యో వంతులో ఎంతో కొంత జరిగిపోతుంది కనుక సరి గీతల్లో చెయ్యి ఒకచోట, బేసి గీతల్లో మరోచోట ఉంటుంది. మీరు చూసిన దువ్వెన అదే. వీడియో పాడవలేదు, రెండు క్షణాలను ఒకేసారి చూస్తున్నారంతే.

మీ టీవీ ఆ పనిని మీకు చెప్పకుండా చేసేది. ఫీల్డులను విడదీసి, ఒక్కోదానిలో లేని గీతలను పూరించి, సెకనుకు 50 బొమ్మలుగా చూపేది. ఆ నున్నదనం అక్కడి నుంచి వచ్చింది. మీ ఎడిటర్ రెండు ఫీల్డులనూ కలిపి సగటు తీసింది. బ్లెండ్ అనే పద్ధతి ఇదే. రెండు క్షణాల చేతులు కలిసి నాలుగయ్యాయి. మీరు మరిచిపోయిన మీట ఏదీ లేదు, 25 అనే అంకె దగ్గరే దారి తప్పారు.

మీకు కావలసింది 1080పి (పి అంటే ప్రోగ్రెసివ్, అల్లిక లేని పూర్తి ఫ్రేములు), 50 ఫ్రేములు. ఒక్కో ఫీల్డు నుంచి ఒక్కో పూర్తి ఫ్రేము.

తొందరకాకి:
ఆగండి. 25 ఉన్నచోట 50 ఎలా వస్తాయి? మిగతా 25 సాఫ్ట్‌వేర్ ఊహించి గీసేవే కదా. లేనిదాన్ని ఉన్నట్టు చూపడం నాకు నచ్చదు.

నిదానం:
మంచి ప్రశ్నే. ఊహ ఉన్నమాట నిజం, కానీ అది కాలంలో కాదు, గీతల్లో. 50 క్షణాలూ కెమెరా నిజంగా చూసినవే. ఒక్కో క్షణంలో 540 గీతలు నిజమైనవి, మిగతా 540 పక్క గీతలను, ముందు వెనుక ఫీల్డులను చూసి నింపుతాము. కదలని చోట పక్క ఫీల్డులోని అసలు గీతనే తెచ్చి పెట్టవచ్చు, అక్కడ ఊహే అక్కరలేదు. కదిలే చోట మాత్రమే గీత గీయాలి.

25కి మార్చినప్పుడు జరిగేది చూడండి. బ్లెండ్ చేస్తే రెండు క్షణాలు మసకబారుతాయి. ఒక ఫీల్డు మాత్రం ఉంచుకుంటే ఆ ఊహ గీతలు ఎలాగూ గీయవలసిందే, పైగా 25 నిజమైన క్షణాలు చెత్తబుట్టకు.

నమ్మకం కుదరకపోతే వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, పద్ధతి యాడిఫ్ (2ఎక్స్), అంటే ఒక్కో ఫీల్డుకు ఒక్కో ఫ్రేము ఇచ్చేది, పెట్టి ఆ ఊయల చూడండి. తరువాత బ్లెండ్ పెట్టి చూడండి. ఒక్క నిమిషం పని.

బేసిగీత:
యాడిఫ్ అనగానే ఆగలేకపోయాను. ఇంట్లో పిల్లల వీడియోలు మళ్లీ తీయలేము, వాటికి క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేస్ ఫిల్టరు తప్ప మరొకటి వాడకూడదు. అవిసింత్ లేదా వేపర్‌సింత్ అనే స్క్రిప్టుతో నడిచే వీడియో సాఫ్ట్‌వేర్ల మీద నడుస్తుంది. స్క్రిప్టు రాయడం రాకపోతే హైబ్రిడ్ లేదా స్టాక్స్‌రిప్ లాంటి వాటిలో టిక్కు పెడితే చాలు. యాడిఫ్‌లో సన్నటి అడ్డగీతలు, అంటే కిటికీ ఊచలు, మెట్ల అంచులు, ఫ్రేముకొకసారి పైకీ కిందికీ వణుకుతాయి. క్యూటీజీఎంసీ వస్తువులు ఎటు కదులుతున్నాయో లెక్కగట్టి ఆ వణుకును అణచివేస్తుంది. మామూలుగా ఇచ్చే ప్రీసెట్ (సిద్ధంగా ఉన్న అమరిక) స్లోవర్. అది చాలు, అన్నిటికంటే నెమ్మదైన ప్లాసిబో జోలికి వెళ్లకండి, ముసలితనం వస్తుంది.

నిదానం:
బేసిగీత గారి మాటకు చిన్న సవరణ. క్యూటీజీఎంసీ ఫలితం మేలైనదే, కాదనను. కానీ అది నాయిస్‌ను (బొమ్మలోని గరుకు చుక్కలను) కూడా కొంత తుడిచేస్తుంది, తక్కువ వెలుతురులో తీసిన ముఖాలు కాస్త మైనం పూసినట్టు అవుతాయి. క్యూటీజీఎంసీలోనే నాయిస్‌ను తిరిగి కలిపే అమరికలు ఉన్నాయి, వాటిని వాడాలి. గంటల కొద్దీ ఫుటేజీ ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లోని బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరు చాలు అని నా అభిప్రాయం. యాడిఫ్ పునాది మీదే కట్టినది, గీతలు పూరించే తీరు మెరుగు, వేగం క్యూటీజీఎంసీ కంటే ఎక్కువ. ముద్దొచ్చే పది క్లిప్‌లకు క్యూటీజీఎంసీ, మిగతా వాటికి ఇది.

బేసిగీత:
"మిగతా వాటికి" అనే మాట ముందుముందు బాధపెడుతుందని మాత్రం రాసి పెట్టుకోండి. ఏది ముద్దొస్తుందో పదేళ్ల తరువాత తెలుస్తుంది.

పాతపెట్టె:
వీఎల్‌సీలో చూశాను. ఊయల మళ్లీ ఊయలలా ఊగింది! పక్కనే మా ఆవిడ కూడా ఉంది, ఇద్దరమూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ ఉత్సాహంలో ఎడిటర్ టైమ్‌లైన్‌ను 50కి మార్చి టేపు క్లిప్ వేశాను. ఈసారి కొత్త వింత. సైకిలు రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కు వెళ్తున్నట్టు గజగజలాడుతోంది. కార్డు క్లిప్‌లకు ఈ జబ్బు లేదు. టేపు వీడియోకు లోయర్ ఫీల్డ్ ఫస్ట్ పెట్టాలని ఎక్కడో చదివి అలాగే మార్చాను, అదేమైనా కారణమా?

టేపులబడి:
అదే కారణం, వేరే ఏదీ కాదు. మీరు చదివినది హెచ్‌డీవీకి ముందున్న పాత టేపు ఫార్మాట్ డీవీ గురించి. డీవీలో కింది ఫీల్డు ముందు. హెచ్‌డీవీ అదే మినీడీవీ టేపు మీద రికార్డయినా లోపలి సరుకు వేరు: ఎంపెగ్-2, సెకనుకు 25 మెగాబిట్లు, పై ఫీల్డు ముందు. డబ్బా చూసి మందు వేశారు. వరస తారుమారైతే రెండో క్షణం ముందు, మొదటి క్షణం తరువాత వస్తాయి, సైకిలు వెనక్కు రాక ఏమవుతుంది? ప్రీమియర్ వాడేవారికి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో ఈ అమరిక ఉంటుంది. మీ ఎడిటర్‌లో ఏ పేరుతో ఉన్నా అప్పర్ ఫస్ట్ చేయండి.

టేపు గురించి ఇంకో మాట, అడగకపోయినా చెబుతాను. 1440 వెడల్పు చూసి కంగారుపడి 1440గానే చదరపు పిక్సెళ్లతో ఎక్స్‌పోర్ట్ చేసేవారిని చూశాను, అందరి ముఖాలూ సన్నబడతాయి. హెచ్‌డీవీలో పిక్సెల్ అడ్డంగా 1.333 రెట్లు సాగాలి, అప్పుడు 1920 అవుతుంది. ఇక టేపులు ఇంకా మిగిలి ఉంటే ఫైర్‌వైర్ తీగతో ఇప్పుడే దించుకోండి. డీవీలో టేపు మీద మచ్చ పడితే ఒక ఫ్రేములో నాలుగు గళ్లు పోయేవి. హెచ్‌డీవీలో ఫ్రేములు గుంపులుగా ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి, 50ఐలో (సెకనుకు 50 ఫీల్డుల రికార్డింగు) గుంపుకు 12. ఒక మచ్చకు దాదాపు అర సెకను బొమ్మ గడ్డకట్టవచ్చు. నా టేపుల్లో ఒకదానిలో సరిగ్గా కొవ్వొత్తి ఊదే క్షణం అలా పోయింది. టేపును చదివే హెడ్ శుభ్రం చేసి మూడోసారి ఆడిస్తే దొరికింది.

కొత్తకన్ను:
మధ్యలో దూరుతున్నందుకు మన్నించాలి, నాది దీనికి తిరగబడిన బాధ. నా క్లిప్‌లు కూడా మీడియాఇన్ఫోలో ఇంటర్‌లేస్డ్ అనే ఉన్నాయి. ఈ చర్చ చదివి బీడబ్ల్యూడిఫ్‌తో 50 ఫ్రేములు చేశాను. కదలికలో మార్పేమీ లేదు, కానీ దూరంగా ఉన్న ఆకులు, అక్షరాలు ముందుకంటే మొద్దుబారాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

బేసిగీత:
మీ కెమెరాలో 25పి, పీఎఫ్25 లేదా సినిమా మోడ్ అని ఏదైనా పెట్టి తీశారా?

కొత్తకన్ను:
అవును, ఎప్పుడూ పీఎఫ్25లోనే తీశాను. పేరు బాగుందని.

బేసిగీత:
అదీ సంగతి. మీ కెమెరా నిజంగానే సెకనుకు 25 పూర్తి బొమ్మలు తీసింది. కానీ హెచ్‌డీవీ 1080 కోసం రాసుకున్న నియమాలు ఇంటర్‌లేస్డ్ చుట్టూ తిరిగేవి, అందుకని ఒక్కో బొమ్మను రెండు ఫీల్డులుగా చీల్చి 50ఐ సంచిలో పెట్టింది. రెండు సగాలూ ఒకే క్షణానివి. అల్లితే అసలు బొమ్మ చెక్కుచెదరకుండా వస్తుంది. మీరు డీఇంటర్‌లేస్ చేయడంతో నిజమైన 540 గీతలు తీసేసి ఊహ గీతలు పెట్టినట్టయింది. మీకు ఏ ఫిల్టరూ వద్దు. ఎడిటర్‌కు ఇది ప్రోగ్రెసివ్ అని చెప్పి 25 టైమ్‌లైన్‌లో వేయండి, అంతే.

ఫైలు మీది చీటీని నమ్మవద్దు. బాగా కదలిక ఉన్న చోట డీఇంటర్‌లేస్ ఆపి, ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూడాలి. ఎక్కడా దువ్వెన లేకపోతే అది ప్రోగ్రెసివ్. ప్రతి కదిలే ఫ్రేములోనూ ఉంటే నిజమైన ఇంటర్‌లేస్. మూడు ఫ్రేములు శుభ్రంగా, రెండు దువ్వెనతో, మళ్లీ మూడు, రెండు అని వస్తుంటే అది 60ఐలో దాచిన 24పి. దానికి డీఇంటర్‌లేస్ కాదు, పుల్‌డౌన్ (24 ఫ్రేములను 60 ఫీల్డులకు సాగదీసిన అల్లిక) తీసివేయడం అవసరం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఫీల్డ్‌మ్యాచ్, డెసిమేట్ జంటగా వాడితే 23.976 ఫ్రేములు తిరిగి వస్తాయి. వందల క్లిప్‌లుంటే అదే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఐడెట్ అనే ఫిల్టరు ఏది ఏమిటో లెక్క చెబుతుంది.

కొత్తకన్ను:
ఆకులు తిరిగి వచ్చాయి. కృతజ్ఞతలు. నిన్న ఒక రాత్రంతా కంప్యూటర్‌తో వాటిని పాడుచేయించానని తలుచుకుంటే నవ్వొస్తోంది.

పాతపెట్టె:
అప్పర్ ఫస్ట్ చేయగానే సైకిలు బుద్ధిగా ముందుకు పోతోంది. ఇక చివరి ప్రశ్న అనుకుంటాను. అబ్బాయి ఎర్రచొక్కా వేసుకున్న క్లిప్ ఒకటి ఉంది. చొక్కా అంచుల్లో మాత్రం ఇంకా గీతలు కనిపిస్తున్నాయి. బొమ్మ మొత్తం శుభ్రం, ఎరుపు మాత్రం మెట్లుమెట్లుగా ఉంది. ఇది ఎడిటర్ నుంచి మధ్యంతర ఫైలు చేసి, దాన్ని తరువాత బీడబ్ల్యూడిఫ్‌కు ఇచ్చినది.

నిదానం:
ఇది చాలామంది కంట పడనిది, మీ కన్ను మంచిదే. ఈ కెమెరాలు వెలుగును 1080 గీతల్లో, రంగును 540 గీతల్లో దాస్తాయి. ఇంటర్‌లేస్‌లో ఆ 540లో మళ్లీ సగం ఒక ఫీల్డువి, సగం మరో ఫీల్డువి. మీ ఎడిటర్ మధ్యంతర ఫైలు చేసేటప్పుడు రంగు గీతలను పెంచింది, కానీ ప్రోగ్రెసివ్ అనుకుని పక్కపక్క గీతలను కలిపింది. ఆ క్షణం చొక్కా రంగు ఈ క్షణం చొక్కాలోకి కారింది. ఎరుపులో బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఎరుపు అంచును కన్ను ఎక్కువగా రంగుతోనే గుర్తుపడుతుంది.

మందు: మధ్యంతర ఫైలు ఎత్తేయండి. కెమెరా నుంచి వచ్చిన అసలు ఎంటీఎస్, ఎం2టీ ఫైళ్లనే ముందు డీఇంటర్‌లేస్ చేసి 50పిగా మార్చండి. ఆ 50పి ఫైళ్లనే ఎడిటర్‌లోకి తీసుకోండి. ప్రోరెస్ లేదా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ లాంటి ఎడిటింగ్ ఫార్మాట్లైతే కోతకు సుఖం, డిస్కు మాత్రం గట్టిగా తింటాయి. వరస ఇదే ఉండాలి: డీఇంటర్‌లేస్, ఆ తరువాత కుదుపు తగ్గించడం, నాయిస్ తీయడం, పరిమాణం మార్చడం. కుదుపు తగ్గించే ఫిల్టరుకు ఫీల్డులు కలిసిన ఫ్రేము ఇస్తే అది కెమెరా వణుకునూ ఫీల్డు వణుకునూ వేరుచేయలేదు.

టైమ్‌లైన్ సంగతి కూడా చెప్పాలి. డావిన్సీ రిజాల్వ్ వాడేవారు మొదటి క్లిప్ వేయకముందే ప్రాజెక్టును 50కి పెట్టుకోవాలి, తరువాత మార్చనివ్వదు.

తొందరకాకి:
50 ఫ్రేములంటే ఫైలు రెట్టింపు అవుతుంది కదా?

నిదానం:
కాదు. పక్కపక్క ఫ్రేములు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి కనుక కంప్రెషన్ తేడాను మాత్రమే రాస్తుంది. పెరుగుతుంది, రెట్టింపు కాదు. జాగ్రత్త ఒక్కచోట అవసరం: హెచ్.264 అనే కంప్రెషన్ పద్ధతిలో 1080పి 50కి లెవెల్ 4.2 (ప్లేయరుకు ఉండవలసిన సామర్థ్యపు మెట్టు) కావాలి. 4.0, 4.1 వరకే చదివే పాత ప్లేయర్లు తడబడవచ్చు. వాటికోసమైతే 720పి 50 చేయండి, 25కి మాత్రం దిగకండి.

టేపులబడి:
డిస్కు చేసేవారికి ఒక మినహాయింపు. మామూలు బ్లూరే నియమాల్లో 1080పి 50కి చోటు లేదు, 1080ఐ 50కి ఉంది. బ్లూరే కోసమైతే మీ వీడియోను ఇంటర్‌లేస్డ్‌గానే ఉంచి, టైమ్‌లైన్ కూడా 1080ఐ అప్పర్ ఫస్ట్ పెట్టి కత్తిరించుకోండి. డీఇంటర్‌లేస్ పనిని టీవీకే వదిలేయండి. డీవీడీకైతే మళ్లీ వేరే దారి: ముందు 50పి చేయాలి, 720×576కి తగ్గించాలి, ఆ తరువాత తిరిగి ఇంటర్‌లేస్ చేయాలి. విన్నవారు నవ్వుతారు, విప్పి మళ్లీ అల్లడం దేనికని. 1080 గీతలను విప్పకుండా 576కి కుదిస్తే నిదానం గారు మొదట్లో చెప్పిన అలల పట్టీలే వస్తాయి.

తొందరకాకి:
ఈ చర్చ మొదలైనప్పటి నుంచి నా పాత ఫోల్డరు తెరవాలా వద్దా అని ఊగిసలాడి ఇప్పుడే తెరిచాను. 720పి, 25 ఫ్రేములు. పరుగెత్తే చోటల్లా ఆ పట్టీలు స్పష్టంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ కెమెరా పాతది కనుక అంతేలే అనుకున్నాను. చోటు కోసం అసలు ఫైళ్లు తీసేశాను. వీటిని ఏమైనా చేయవచ్చా?

బేసిగీత:
ఆ ఫైళ్లను బాగుచేయలేము, ఆశపెట్టను. కానీ కెమెరాను, కార్డులను వెతకండి. కార్డు మీద చెరిపినా ఆ తరువాత కొత్తవి రికార్డు చేయకపోతే తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. లోపల హార్డ్ డిస్కు ఉన్న కెమెరా అయితే ముందు దాన్ని ఆన్ చేసి చూడండి, కొన్నిసార్లు అక్కడే ఉండిపోతాయి. కార్డు దొరికితే దాని మీద ఏమీ రాయకండి.

తొందరకాకి:
కెమెరా అటక మీద ఉంది. ఛార్జరు కనిపించడం లేదు. వెతుకుతున్నాను.

పాతపెట్టె:
నా పని ఒక కొలిక్కి వచ్చింది. అసలు ఫైళ్ల నుంచి బీడబ్ల్యూడిఫ్‌తో 50పి, ఎర్రచొక్కా నిండుగా ఎర్రగా ఉంది. ఊయల క్లిప్‌ను మాత్రం బేసిగీత గారి మాట విని క్యూటీజీఎంసీతో చేశాను. రాత్రంతా నడిచింది. ఊయల గొలుసు కడియాలు లెక్కపెట్టవచ్చు. అదే క్లిప్‌ను 25 టైమ్‌లైన్‌లో సగం వేగానికి పెడితే నిజమైన స్లో మోషన్ కూడా వచ్చింది, అది ఎవరూ చెప్పలేదు.

ఒక చిన్న చిక్కు మిగిలింది. కార్డు మీది పొడవైన రికార్డింగు 2 జీబీ దగ్గర తెగి రెండు ఎంటీఎస్ ఫైళ్లుగా ఉంది. రెంటినీ టైమ్‌లైన్‌లో పక్కపక్కన పెడితే అతుకు దగ్గర పాట ఒక్క క్షణం మింగినట్టవుతోంది.

టేపులబడి:
అది తెగిన రెండు ఫైళ్లు కాదు, నరికిన ఒకే ఫైలు. విడివిడిగా మార్చకండి. రెండు ఎంటీఎస్‌లనూ వరసగా బైట్లకు బైట్లు అతికించి ఒక్కటిగా చేశాక డీఇంటర్‌లేస్‌కు ఇవ్వండి, శబ్దం అతుకుతుంది. కార్డులోని ఏవీసీహెచ్‌డీ ఫోల్డరును ఉన్నదున్నట్టు మొత్తం దాచుకున్నారా? అందులోని జాబితా ఫైళ్లు చదివే ఎడిటర్ అయితే ఈ పని తానే చేస్తుంది.

పాతపెట్టె:
ఎంటీఎస్‌లు మాత్రమే తీసుకున్నాను. కార్డు ఇంకా కెమెరాలోనే ఉంది, ఇప్పుడే మొత్తం కాపీ చేస్తున్నాను. తొందరకాకి గారూ, నా దగ్గర పాత క్యామ్‌కార్డర్ ఛార్జర్లు రెండున్నాయి. మీ కెమెరా నమూనా ఏదో రాయండి, సరిపోతుందేమో చూద్దాం.